వారాంతపు తెలుగు బడికీ పిల్లలు చదివే స్కూలుకీ పొత్తు కుదర్చడం ఎలా

అమెరికాలో వారాంతపు తెలుగు బడి నడిపేవాళ్ళు పక్కనున్న పబ్లిక్ స్కూలుకి వెళ్ళి మొదట అడిగేది గదులు. మా సలహా ఏమిటంటే, గదుల మాట రెండో ఏడాదికి వాయిదా వేయండి. గదులు అడిగితే స్కూలు లెక్కలో మీరు అద్దెకొచ్చినవాళ్ళు, మీ ఉత్తరం భవనాల విభాగానికి వెళ్తుంది. తమ విద్యార్థి నేర్చుకున్న తెలుగును లెక్కలోకి తీసుకోమని అడిగితే మీతో మాట్లాడేది చదువు చెప్పే మనుషులు. పొత్తు అక్కడ మొదలైతేనే నిలుస్తుంది. ఇది ముఖ్యంగా హైస్కూలు వయసు పిల్లలున్న బడుల కోసం రాస్తున్నది, ప్రాథమిక తరగతుల వాళ్ళకు పనికొచ్చే భాగాలూ ఉన్నాయి.

ముందు గంటల లెక్క

కౌన్సెలర్ (స్కూల్లో పిల్లల కోర్సులు, క్రెడిట్లు చూసే మనిషి) దగ్గరికి వెళ్ళేముందు ఈ లెక్క వేసుకోండి. అమెరికన్ హైస్కూళ్ళలో ఏడాది కోర్సుకు పాతకాలం నుంచీ ఉన్న కొలత కార్నెగీ యూనిట్, అంటే 120 గంటల తరగతి. మన వారాంతపు బడి వారానికి 2 గంటలు, ఏడాదికి 30 వారాలు. మొత్తం 60 గంటలు. అంటే మన దగ్గర రెండేళ్ళు చదివితే వాళ్ళ లెక్కలో ఒక ఏడాది.

"మా దగ్గర నాలుగేళ్ళు చదివాడు, నాలుగేళ్ళ క్రెడిట్ ఇవ్వండి" అని అడిగిన బడికి మొదటి సమావేశంలోనే కాదంటారు. కాదనడం న్యాయమే. హోంవర్కు గంటలు కలిపి లెక్క పెంచి చూపించాలని చూడకండి, హైస్కూలు కోర్సుకూ హోంవర్కు ఉంటుంది, దాన్ని వాళ్ళు 120లో కలపరు.

ఇంతకంటే మంచి దారి ఉంది. ఎన్ని గంటలు కూర్చున్నాడన్నది పక్కన పెట్టి, భాష ఎంత వచ్చో పరీక్ష పెట్టి చూడమని అడగడం. ఇందుకు చాలా రాష్ట్రాల్లో ఇప్పటికే ఏర్పాట్లున్నాయి. మొదటిది సీల్ ఆఫ్ బైలిటరసీ: ఇంగ్లిష్‌తో పాటు ఇంకో భాష చదవడం, రాయడం, మాట్లాడటం వచ్చిన విద్యార్థికి హైస్కూలు పూర్తయ్యేటప్పుడు డిప్లొమా మీద వేసే ముద్ర. దీన్ని అందరికంటే ముందు చట్టం చేసింది కాలిఫోర్నియా, 2012 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. రెండోది పరీక్ష ద్వారా క్రెడిట్. వాషింగ్టన్ రాష్ట్రంలో దీని లెక్క చాలా స్పష్టంగా ఉంటుంది (నావిస్ అంటే కొత్తగా నేర్చుకునేవాళ్ళ స్థాయి, ఇంటర్మీడియట్ అంటే దాని పై స్థాయి, మన ఇంటర్ చదువు కాదు; ఒక్కోదానిలో లో (Low), మిడ్, హై అని మూడు మెట్లు): నావిస్ మిడ్ స్థాయి చూపిస్తే 1 క్రెడిట్, నావిస్ హైకి 2, ఇంటర్మీడియట్ లో (Low) స్థాయికి 3, ఇంటర్మీడియట్ మిడ్‌కి 4. తెలుగు ఎక్కడ నేర్చుకున్నావు, అమ్మమ్మ దగ్గరా, ఆదివారం బడిలోనా అని ఎవరూ అడగరు.

రాష్ట్రాన్ని బట్టి గీత మారుతుంది. ఇల్లినాయిలో సీల్‌కు ఇంటర్మీడియట్ హై కావాలి, ఇంటర్మీడియట్ లో (Low) స్థాయి వచ్చినవాళ్ళకు దానికంటే చిన్నదైన ప్రశంసాపత్రం ఇస్తారు. వాషింగ్టన్‌లో సీల్‌కు ఇంటర్మీడియట్ మిడ్ చాలు. పక్క రాష్ట్రంలో ఉన్న స్నేహితుల బడి నుంచి నియమాలు అరువు తెచ్చుకోకండి. మీ రాష్ట్ర విద్యాశాఖ పేజీ అచ్చు తీసి, గీత గీసి, ఆ కాగితమే పట్టుకెళ్ళండి. కౌన్సెలర్‌కు మూడు నాలుగొందల మంది పిల్లలుంటారు. తమ రాష్ట్ర నియమంలో తెలుగుకు చోటుందని ఆమెకు తెలియకపోవడం తప్పేం కాదు.

ఎవరిని అడగాలి, ఏం అడగాలి

వరస ఇది. ముందు హైస్కూలు కౌన్సెలర్, తర్వాత ఊళ్ళోని పబ్లిక్ స్కూళ్ళను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ప్రపంచ భాషలు చూసే సమన్వయకర్త, ఆ తర్వాత ప్రిన్సిపల్. చాలామంది నేరుగా ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్తారు. ఆయన చిరునవ్వుతో కాఫీ ఇచ్చి, కౌన్సెలర్‌తో మాట్లాడమని పంపుతాడు. ఈలోపు ఒక నెల పోతుంది.

మొదటి ఈమెయిల్‌లో అయిదే విషయాలు ఉండాలి: మీ బడి పేరు, లాభాపేక్ష లేని సంస్థగా మీ నమోదు, ఈ హైస్కూలు నుంచి మీ దగ్గరికి వచ్చే పిల్లల సంఖ్య, వాళ్ళలో ఈ ఏడాది, వచ్చే ఏడాది గ్రాడ్యుయేట్ అయ్యేవాళ్ళెందరు, "తెలుగుకు పరీక్ష పెట్టించే ఏర్పాటు మీ డిస్ట్రిక్ట్‌లో ఉందా, గడువు ఎప్పుడు?" అనే ఒక్క ప్రశ్న. తెలుగు ప్రాచీన హోదా, కోట్ల మంది మాట్లాడేవాళ్ళు, ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ వంటి మాటలు అక్కడ వద్దు. అవి మనకు గర్వకారణాలే. కానీ కౌన్సెలర్‌కు కావాల్సింది ఫారం నంబరు, తేదీ.

హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయం పరీక్ష రాసి పత్రం తెచ్చుకున్న పిల్లలుంటే ఆ పత్రాన్ని జత చేయండి, అయితే దాని మీదే ఆధారపడకండి. ఆ విశ్వవిద్యాలయం పత్రంలో మార్కులు ఉంటాయి, ఇక్కడి స్కూలు వెతికేది స్థాయి. మార్కులను స్థాయిగా మార్చి చెప్పే పని కౌన్సెలర్ చేయలేదు, మీరు చేస్తే ఒప్పుకోరు.

పిల్లల పేర్ల జాబితా ఇమ్మని స్కూలును అడగొద్దు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం విద్యార్థుల వివరాలు బయటి సంస్థకు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సాధారణంగా ఇవ్వకూడదు. అడిగితే మీకు నియమాలు తెలియవన్న ముద్ర పడుతుంది. పేర్లు వద్దు, సంఖ్య చాలనండి: ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాసిన కుటుంబాలు ఎన్ని అని.

ఆ సంఖ్య ఎప్పుడూ నిజానికంటే తక్కువగానే ఉంటుంది. కారణం మనమే. స్కూల్లో చేర్చేటప్పుడు ఇంటిభాష ఫారంలో తెలుగు అని రాస్తే పిల్లవాణ్ణి ఇంగ్లిష్ రానివాళ్ళ తరగతిలో వేస్తారని భయపడి, ఎన్నో కుటుంబాలు ఇంగ్లిష్ అని రాసేస్తాయి. తెలుగు అని రాస్తే నిజంగా జరిగేది ఒక ఇంగ్లిష్ పరీక్ష. కాలిఫోర్నియాలో దాని పేరు ఎల్‌పాక్, చాలా ఇతర రాష్ట్రాల్లో విడా. ఇంగ్లిష్ బాగా వచ్చిన పిల్లలు అందులో గట్టెక్కి మామూలు తరగతిలోనే ఉంటారు. సాయం అవసరమైన పిల్లలకు సాయం అందుతుంది, అది మంచిదే. కానీ ఊళ్ళో 300 ఇళ్ళుండి స్కూలు లెక్కలో 40 కనిపిస్తే, తెలుగుకు పరీక్ష పెట్టించండి అన్న మీ మాటకు బలముండదు. కొత్తగా చేరే కుటుంబాలకు ఈ విషయం జూలై, ఆగస్టుల్లోనే చెప్పండి. ఒకసారి ఫారం ఇచ్చాక మార్చడం కష్టం.

పరీక్ష

తెలుగుకు ఏపీ (అడ్వాన్స్డ్ ప్లేస్మెంట్, హైస్కూల్లో కాలేజీ స్థాయి చదువుకు పెట్టే) పరీక్ష లేదు. డిస్ట్రిక్టులు ఎక్కువగా వాడేవి రెండు. అవాంట్ సంస్థ స్టాంప్ డబ్ల్యూఎస్ కంప్యూటర్ మీద రాసేది, ఇందులో రాయడం, మాట్లాడటం మాత్రమే ఉంటాయి. దాని అంకెల్లో 5 అంటే ఇంటర్మీడియట్ మిడ్, 6 అంటే ఇంటర్మీడియట్ హై. రెండోది విదేశీ భాషల బోధకుల సంఘం ఆక్ట్‌ఫుల్ పెట్టే మౌఖిక పరీక్ష, శిక్షణ పొందిన పరీక్షకులు ఫోన్లో 15 నుంచి 30 నిమిషాలు మాట్లాడతారు. మీ రాష్ట్రం చదవడం, వినడం కూడా చూపించమంటే, రెండు నైపుణ్యాల పరీక్షతో పాటు ఇంకేం కావాలో డిస్ట్రిక్ట్‌ను రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. ఏప్రిల్‌లో ఈ ప్రశ్న వేసుకుంటే ఆ ఏడాది పిల్లలకు దక్కదు.

గడువు నుంచి వెనక్కి లెక్కేయండి. సీల్ జాబితా మార్చిలో ముగుస్తుందనుకుందాం. జవాబులు మనుషులు దిద్దుతారు కాబట్టి ఫలితాలకు రెండు వారాలు పక్కన పెట్టాలి, తప్పినవాళ్ళు మళ్ళీ రాయడానికి ఇంకో నెల. అంటే పరీక్ష జనవరిలో, నమోదు నవంబరులో, కౌన్సెలర్‌తో మొదటి మాట సెప్టెంబరులో. రుసుము డిస్ట్రిక్ట్ కడుతుందా, తల్లిదండ్రులా అన్నది కూడా సెప్టెంబరులోనే తేల్చుకోవాలి.

ఎక్కువమంది పిల్లలు దెబ్బతినేది భాష దగ్గర కాదు, కీబోర్డు దగ్గర. చేత్తో చక్కగా రాసే పిల్లవాడు తెర మీద "క్ష" ఎక్కడుందో వెతుకుతూ కూర్చుంటాడు. ఇంట్లో ఫోన్లో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతికి అలవాటుపడి ఉంటాడు, స్కూల్ క్రోమ్‌బుక్‌లో అది ఉండదు, పెట్టుకుందామంటే సెట్టింగులకు తాళం ఉంటుంది. అందుకని పరీక్షకు మూడు వారాల ముందు స్కూలు ఐటీ విభాగానికి రాయండి: తెలుగు కీబోర్డు చేర్చమని, ఏ రకమో కూడా చెప్పమని. ఏది వస్తుందో తెలిశాక దాని మీదే సాధన. చేత్తో రాసిన కాగితం ఒప్పుకుంటారా అని కూడా ఒకసారి అడగండి, ఒప్పుకుంటే సగం భారం దిగినట్టే.

స్థాయిలు అంటే ఏమిటి

మన ఉపాధ్యాయులకు ఇది బోధపడితే మిగతాది సులువు. ప్రశ్న ఒకటే: పోయిన సెలవుల్లో ఏం చేశావు, వచ్చే సెలవుల్లో ఏం చేద్దామనుకుంటున్నావు?

నావిస్ జవాబు ఇలా ఉంటుంది: "మేము ఇండియా. తాతయ్య, అమ్మమ్మ. చాలా బాగుంది. మామిడిపండు ఇష్టం."

ఇంటర్మీడియట్ మిడ్: "మేము జూన్‌లో ఇండియా వెళ్ళాము. అమ్మమ్మ ఇల్లు ఏలూరులో ఉంది. అక్కడ చాలా ఎండగా ఉంది. నేను మా బావతో క్రికెట్ ఆడాను. రోజూ మామిడిపళ్ళు తిన్నాను. వచ్చే సంవత్సరం మళ్ళీ వెళ్తాము."

ఇంటర్మీడియట్ హై: "జూన్‌లో మేము ఏలూరు వెళ్ళినప్పుడు ఎండలు మండిపోతున్నాయి. పగలంతా ఇంట్లోనే ఉండేవాళ్ళం, సాయంత్రమయ్యాక బావతో క్రికెట్ ఆడేవాణ్ణి. ఒకరోజు కరెంటు పోయింది. అప్పుడు తాతయ్య మమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్ళి, తన చిన్నప్పుడు ఊళ్ళో కరెంటే లేదని చెప్పాడు. ఈసారి డిసెంబరులో వెళ్దామని అమ్మను అడుగుతున్నాను, ఎందుకంటే అప్పుడు చల్లగా ఉంటుంది, సంక్రాంతికి కూడా ఉండొచ్చు."

మూడింటిలోనూ కష్టమైన మాట ఒక్కటీ లేదు. మూడోదాన్ని పైకి లేపింది వాక్యాలను ముడివేసే తీరు: వెళ్ళినప్పుడు, ఉండేవాళ్ళం, తీసుకెళ్ళి, లేదని చెప్పాడు, ఎందుకంటే. తెలుగుకు ప్రాణం ఈ క్రియారూపాల్లోనే ఉంది, మన పాఠాల్లో వీటికి దక్కే చోటు మాత్రం చాలా తక్కువ. అక్షరాలు, గుణింతాలు, వత్తులు, ఆ పైన పదాల జాబితాలతో ఏడాది గడిచిపోతుంది. వేమన పద్యాలు ఇరవై గడగడా అప్పజెప్పే అమ్మాయి సొంతంగా నాలుగు వాక్యాలు కలిపి చెప్పలేకపోతే, పరీక్ష లెక్కలో ఆమె నావిస్‌లోనే ఆగిపోతుంది, ఎందుకంటే కంఠతా వచ్చినదానికి అక్కడ స్థాయి రాదు. పద్యాలు మానమని కాదు. పద్యం చెప్పాక, "ఇలా ఎప్పుడైనా నీకు జరిగిందా, ఏమైంది?" అని అడిగి రెండు నిమిషాలు వాళ్ళనే మాట్లాడనివ్వండి.

ఇంకో చిక్కు: మన పిల్లలు తెలుగు బడి ముగించేది ఎక్కువగా పదకొండు పన్నెండేళ్ళకు, స్కూలు పరీక్ష పెట్టేది పదహారు పదిహేడేళ్ళకు. మధ్యలో అయిదేళ్ళలో మాట ఉంటుంది, రాత పోతుంది. అందుకే హైస్కూలు పిల్లలకు విడిగా ఒక 12 వారాల తరగతి పెట్టండి, వారానికి 2 గంటలు. మొదటి మూడు వారాలు రాత, కీబోర్డు. తర్వాత ఆరు వారాలు పైన చెప్పినట్టు జరిగినదీ, జరుగుతున్నదీ, జరగబోయేదీ కలిపి చెప్పడం: ఒక గంట మాట, ఒక గంట రాత. చివరి మూడు వారాలు గడియారం పెట్టి నమూనా పరీక్షలు, హెడ్‌సెట్‌తో. హెడ్‌సెట్ పెట్టుకుని ఎదురుగా మనిషి లేకుండా తెలుగు మాట్లాడటం వాళ్ళకు కొత్త, నోరు పెగలదు. మధ్యలో ఇంగ్లిష్ మాట రావడం తప్పు కాదు, బస్సు, కంప్యూటర్ మన భాషలోనూ అంతే. వాక్యాన్ని "అండ్ దెన్", "లైక్" నడిపిస్తుంటే మాత్రం సరిచేయాలి.

గదులు

ఒక ఏడాది పరీక్షలు సవ్యంగా జరిగాక గదులు అడగండి. ఇప్పుడు మీ తరఫున మాట్లాడే మనిషి లోపల ఉన్నారు. కాలిఫోర్నియాలో సివిక్ సెంటర్ చట్టం ప్రకారం లాభాపేక్ష లేని సంఘాలకు స్కూలు భవనాలు వాడుకునే వీలుంది, రుసుము మాత్రం ఉండొచ్చు. ఇతర రాష్ట్రాల్లో డిస్ట్రిక్ట్ విధానం చూడాలి.

దరఖాస్తుకు మామూలుగా కావాల్సినవి: 501(సి)(3) పత్రం (లాభాపేక్ష లేని సంస్థగా పన్ను మినహాయింపు చూపేది), బీమా ధ్రువీకరణ. ఎక్కువచోట్ల అడిగేది ఒక్కో ఘటనకు 10 లక్షల డాలర్ల బీమా, అందులో డిస్ట్రిక్ట్ పేరు కూడా బీమా రక్షణ పొందేవాళ్ళలో ఒకరిగా (additional insured) ఉండాలి. పేరులో ఒక్క మాట తేడా ఉన్నా తిప్పి పంపుతారు కాబట్టి డిస్ట్రిక్ట్ పూర్తి చట్టబద్ధమైన పేరు వాళ్ళ ఫారం నుంచే దించుకుని ఏజెంటుకు ఇవ్వండి.

తేదీల దగ్గర తప్పక దొరికిపోతారు. థాంక్స్‌గివింగ్, శీతాకాలం, వసంతం సెలవుల్లో భవనం తెరవరు, ఉగాది ఒక్కోసారి సరిగ్గా వసంతం సెలవుల్లోనే పడుతుంది. శనివారం బడి అయితే ఎస్ఏటీ పరీక్షల శనివారాలు ముందే చూసుకోండి, ఆ రోజు హైస్కూల్లో మీకు గది ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్ర పరీక్షల కోసం కొన్ని గదుల గోడలు కప్పేసి మూసి ఉంచుతారు. ఏడాది మొత్తం తేదీల పట్టిక జూన్‌లోనే ఇచ్చి, మూడు నాలుగు ఆన్‌లైన్ వారాలు అందులోనే రాసిపెట్టుకుంటే గొడవ ఉండదు.

గదిలో మీరు అతిథులు. సోమవారం పొద్దున ఆ గది టీచరు లోపలికి రాగానే తన బల్లలు తాను వదిలినట్టే ఉండాలి. పొత్తులు చెడిపోయేది పెద్ద విషయాల మీద కాదు: చెరిపేసిన తెల్లబోర్డు, కనిపించకుండా పోయిన రంగు పెన్సిళ్ళు, బల్ల సొరుగులో దొరికిన చేగోడీ ముక్కలు. గదికి రాగానే నాలుగు మూలల నుంచి ఫోటోలు తీయండి, వెళ్ళేముందు వాటిని చూసి సర్దండి. మార్కర్లు, డస్టర్, చెత్త సంచులు మీవే తెచ్చుకోండి. తినేది గదుల్లో వద్దు, కారిడార్‌లోనూ వద్దు, కెఫెటేరియాలో మాత్రమే. పల్లీలు అసలే వద్దు, సోమవారం ఆ బల్ల దగ్గర కూర్చునే పిల్లకు అలర్జీ ఉండొచ్చు. సర్దడానికి తరగతి అయ్యాక అరగంట, ప్రతి రెండు గదులకు ఒక తల్లిదండ్రి అని ముందే పేర్లు రాసిపెట్టండి. భవనం చూసుకునే కస్టోడియన్ పేరు, నంబరు ఇద్దరి దగ్గర ఉండాలి, అలారం మోగినప్పుడు వెతుక్కోకూడదు.

వేదిక మీద జ్యోతి వెలిగించడం భవనంలో కుదరదు, మంటకు అనుమతి ఉండదు. విద్యుత్ దీపం వాడండి.

పిల్లలతో ఉండే ప్రతి పెద్దకూ నేపథ్య పరిశీలన చేయించండి, స్కూలు అడగకపోయినా. కాలిఫోర్నియాలో అది లైవ్ స్కాన్ వేలిముద్రలు. ఒక గదిలో ఒక పెద్ద ఒక్క పిల్లవాడితో తలుపు మూసి ఉండకూడదన్నది రాసి గోడకు అంటించాల్సిన నియమం.

మీరు ఇచ్చేది

స్కూలుకు కూడా ఏదో అందాలి. అందులో తేలికైనది హైస్కూలు పిల్లల సేవా గంటలు, అంటే వాళ్ళు స్వచ్ఛందంగా చేసిన పనికి గంటల లెక్క. చిన్న తరగతుల్లో సాయపడే విద్యార్థులకు వారానికి 2 గంటలు సంతకం పెట్టి ఇవ్వవచ్చు. గంటల పుస్తకం ఏ వారానికి ఆ వారమే నింపండి, మేలో కూర్చుని ఏడాదిది ఒకేసారి రాస్తే కౌన్సెలర్ పసిగడుతుంది, ఆ తర్వాత మీ ఏ కాగితాన్నీ నమ్మదు.

ప్రాథమిక స్కూళ్ళలో సంస్కృతుల సాయంత్రం జరిగితే ఉగాది పచ్చడి గిన్నెతో వెళ్ళాలని మనసు లాగుతుంది. చాలా స్కూళ్ళు ఇంట్లో చేసిన తిండి ఒప్పుకోవు. అందరికంటే బారు పెద్దగా ఉండే బల్ల తెలుగులో పేర్లు రాసిచ్చేది. లావు మార్కర్లు ఆరు, పొడవాటి మందం కాగితపు ముక్కలు 200, అందంగా రాసేవాళ్ళు ముగ్గురు ఉంటే గంటన్నరలో 200 మంది పిల్లలకు రాయొచ్చు. పేరు చూసి రాయకండి, పిల్లనే పలకమనండి. స్పెల్లింగు చూసి రాస్తే జువాన్ అవుతుంది, పలికితే అది హువాన్. కింద అదే పేరు ఇంగ్లిష్‌లోనూ రాయండి, టీచరు తరగతి గోడకు అంటించుకోవడానికి అదే పనికొస్తుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోకండి: తల్లిదండ్రుల సమావేశంలో అనువాదం చేయమని మీ హైస్కూలు పిల్లల్ని పంపమంటే కుదరదనండి. ఇంకో పిల్లవాడి మార్కులు, ఆరోగ్యం ఒక విద్యార్థి చెవిన పడకూడదు. అది స్కూలు డబ్బిచ్చి పెట్టుకోవాల్సిన అనువాదకుల పని.

కాగితం మీద

మాట మీద నడిచిన పొత్తు ప్రిన్సిపల్ బదిలీతో పోతుంది. రెండు పేజీల ఒప్పంద పత్రం చాలు. ఎవరెవరి మధ్య, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, పరీక్ష ఎవరు పెడతారు, రుసుము ఎవరిది, గదులు ఏవి, పాడైతే ఎవరు బాగుచేయాలి, పిల్లల ఫోటోలు, వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి, 30 రోజుల నోటీసుతో ఎవరైనా తప్పుకోవచ్చు. ఏడాదికే రాసుకోండి, రెండో ఏడాది పొడిగించడం తేలిక. సంతకం పెట్టే అధికారం ప్రిన్సిపల్‌కు ఉందా, డిస్ట్రిక్ట్‌కా అని ముందే అడగండి. ప్రిన్సిపల్ సంతకంతో ఏడాది మొదలుపెట్టాక, అది చెల్లదని డిస్ట్రిక్ట్ నుంచి ఉత్తరం రావడం మామూలే.

రెండు వైపులా ఇద్దరేసి మనుషుల పేర్లు ఉండాలి. మీ వైపు నుంచి ఉత్తరాలు ఒకరి సొంత ఈమెయిల్ నుంచి కాకుండా బడి చిరునామా నుంచే వెళ్ళాలి, ఉద్యోగం మారి ఆ మనిషి వేరే రాష్ట్రం వెళ్ళినా పాత ఉత్తరాలు బడి దగ్గరే ఉంటాయి. ఏడాది చివర ఒక్క పేజీ నివేదిక: పరీక్ష రాసినవాళ్ళెందరు, ఏ స్థాయిలు వచ్చాయి, సీల్ ఎందరికి వచ్చింది, సేవా గంటలెన్ని. కొత్త ప్రిన్సిపల్ వస్తే ఈ పేజీనీ ఒప్పంద పత్రాన్నీ కలిపి, స్కూలు తెరిచిన మూడో వారంలో పంపండి. మొదటి రెండు వారాలు వాళ్ళకు బస్సులు, టైంటేబుళ్ళతోనే సరిపోతాయి.